అందరికీ తెలిసిన అపూర్వ తేదీ

ఆడపిల్లకు తన నెలసరి ఎప్పుడొస్తుందో తెలియాల్సిన అవసరం ఏమాత్రం లేదు. తెలిసిందంటే ఇల్లు చెడిపోతుంది. ఈ మాట కాస్త కటువుగా ఉందని మీకు అనిపించవచ్చు. ఒక్క నిమిషం ఆలోచించండి. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతిని ఆ పిల్ల కూడా తెలుసుకుని కొత్తగా చేసేదేముంది?

వంటింట్లో క్యాలెండర్ ఉంది. పక్కనే నాయనమ్మ ఉంది. గుడివాడలో మేనత్త ఉంది, మేనత్త చేతిలో ఫోనుంది. ఇన్ని సౌకర్యాలున్న ఈ రోజుల్లో ఒక పదహారేళ్ళ పిల్ల తన ఒంటి లెక్క తానే చూసుకుంటానని బయలుదేరితే దాన్ని చదువు అనాలా, పొగరు అనాలా?

కృత్తివెన్ను దగ్గర శ్రీకాంత్ గారి ఇల్లే తీసుకోండి. ఆయనకు మూడు రొయ్యల చెరువులు, ఒక తల్లి, ఒక భార్య, ఒక కూతురు. చెరువుల బాగోగులు ఆయన చూసుకుంటారు. ఆడవాళ్ళ తేదీలు ఆయన తల్లి పుష్పావతి గారు చూసుకుంటారు. ఇంత చక్కటి పని విభజన ఏ ఆఫీసులో ఉంది చెప్పండి!

పుష్పావతి గారి పద్ధతి చాలా సులువు. ఇంట్లో ఎవరైనా బయట ఉన్న రోజున, ఫ్రిజ్ పక్కన వేలాడే క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుక్క పెడతారు. అక్కడి నుంచి ఇరవై ఎనిమిది గళ్ళు లెక్కపెట్టి మరో చుక్క పెడతారు. కోడలు అరుణకుమారికైనా ఇరవై ఎనిమిదే, మనవరాలు అపూర్వకైనా ఇరవై ఎనిమిదే. ఆ రోజుకు రాకపోతే ఐస్‌క్రీమ్ తిన్నదని, ముందే వచ్చేస్తే ఎండలో తిరిగిందని తేలుతుంది. ఒళ్ళు తప్పు చేయవచ్చు గాని క్యాలెండర్ చేయదు కదా!

ఆ చుక్కల వల్ల ఊరికి కూడా ఎంత మేలని! గ్యాస్ బండ తెచ్చే అతను గడపలో నిలబడి క్యాలెండర్ వైపు ఒక్క చూపు చూసి, "అమ్మాయిగారు ఈ వారం వంటింట్లోకి రారు కదండీ, బండ నేనే లోపల పెట్టేస్తానులెండి" అంటాడు. పాలు పోసే వీరమ్మకు గిన్నె ఎవరు పట్టుకొస్తారో ముందే తెలుసు. వెనక వీధి వాళ్ళకు పెరటి దండెం మీద ఆరే చాప చూస్తే చాలు. చదువుకున్నవాళ్ళు దీన్నే పారదర్శకత అంటారు.

ఇక మేనత్త రత్నకుమారి గారి సేవ మరో మెట్టు పైన. పెళ్ళి, వ్రతం, తిరుపతి ప్రయాణం, ఏది తలపెట్టినా ఎవరో ఒకరి డేటు అడ్డం పడుతోందని, బంధువుల్లో పదకొండు మంది ఆడవాళ్ళను కలిపి రెండేళ్ళ కిందట ఆవిడ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. పేరు 'శుభఘడియలు'. డేటొచ్చినవాళ్ళు అందులో ఒక ఎర్ర గులాబీ బొమ్మ పెట్టాలి. మాటలక్కర్లేదు. మర్యాదకు మర్యాద, లెక్కకు లెక్క.

చిన్న ఇబ్బంది ఒకటుంది. బందరులో ఉండే పెద్దత్తయ్యకు వేరే ఫోను లేదు. ఆవిడ భర్త, రిటైరైన లెక్కల మాస్టారు శేషగిరిరావు గారి నంబరే గ్రూపులో ఉంది. ఆయన రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ అంటూ గులాబీలు పంపుతారు. గ్రూపు లెక్క ప్రకారం ఆయనకు నెలకు ముప్పై రోజులూ డేటే. తీసేద్దామంటే ఎందుకు తీశారని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? అందుకని అలాగే ఉంచేశారు.

తర్వాత రత్నకుమారి గారు ఫోనులో ఒక యాప్ కూడా వేసుకున్నారు. పదకొండు మందికి పదకొండు ఖాతాలు ఎందుకని అందరి తేదీలూ ఒక్క ఖాతాలోనే నింపారు. నెల తిరక్కుండానే యాప్ బెంబేలెత్తిపోయింది. మీకు మూడు రోజులకోసారి నెలసరి వస్తోంది, వెంటనే డాక్టర్‌ను కలవండి అని గోల పెట్టింది. "దీని మొహం. నలుగురున్న కుటుంబం సంగతి దీనికేం తెలుసు" అని ఆవిడ దాన్ని పీకేసి, మళ్ళీ తల్లి చుక్కల లెక్కకే వచ్చేశారు.

ఇంత పకడ్బందీ ఏర్పాటు మధ్య పెరిగిన పిల్ల అపూర్వ. నలుగురిలో గొంతు పెగలదు. బస్సులో కండక్టర్ దగ్గరికొచ్చేలోగా 'బందరు' అన్న మాటను మనసులో రెండుసార్లు అనుకుని గాని పైకి అనదు. అలాంటి పిల్ల చెడిపోతుందని ఎవరనుకుంటారు?

చెడగొట్టింది నర్సు అమ్మాజీ గారు. అపూర్వ పదో తరగతిలో ఉండగా ఆవిడ ఊరి హైస్కూలుకు వచ్చి, మగపిల్లల్ని ఆటలకు పంపించి, ఆడపిల్లలను కూర్చోబెట్టారు.

"చూడండమ్మా, మీ ఒంట్లో ఏం జరుగుతోందో ముందు మీకు తెలియాలి. పక్కింటావిడ చెబితే తెలుసుకోవడం కాదు" అని మొదలుపెట్టారు. మొదలే ఎంత ప్రమాదకరంగా ఉందో చూడండి!

నెలసరి అందరికీ ఒకే లెక్కన రాదట. ఒకరికి ఇరవై ఆరు రోజులు, మరొకరికి ముప్పై ఐదు. ఈ వయసులో మరీ అటూ ఇటూగా ఉంటుందట. నడుమ ఒక రోజున ఒంట్లో అండం విడుదలవుతుంది. దానికి ముందు కొన్ని రోజులు గుడ్డు తెల్లసొనలా సాగే తడి కనిపిస్తుంది. విడుదలయ్యాక, పొద్దున్నే మంచం దిగకముందు చూసుకుంటే ఒంటి వేడి అర డిగ్రీ పెరిగి ఉంటుంది. ఆ పెరిగిన రోజు నుంచి డేటొచ్చే రోజుకు ఉండే దూరం ఎవరి మటుకు వాళ్ళకు పెద్దగా మారదట, ఇంచుమించు రెండు వారాలు.

"రాసుకుంటే మీకే తెలుస్తుంది. మరీ తేడాగా ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా నా దగ్గరికి రండి. డాక్టరు చెప్పకుండా మాత్రలు మాత్రం మింగొద్దు" అని ముగించారు అమ్మాజీ గారు. అపూర్వ వంచిన తల ఎత్తలేదు. కానీ ఒక్క మాటా వదల్లేదు.

ఫిబ్రవరిలో అన్నవరం వ్రతం వచ్చింది. క్యాలెండర్ చుక్క వ్రతం మీదే పడింది. డేటు వెనక్కి జరిపే మాత్రలు ఇంట్లోకి వచ్చాయి. ఒక్క రోజు వ్రతానికి ఎనిమిది రోజుల మాత్రలు! అపూర్వ మింగింది. తిన్నది ఇమడలేదు, తల తిరిగింది. మాత్రలు ఆపాక వచ్చిన డేటు తొమ్మిది రోజుల దాకా తగ్గనే లేదు. ప్రీఫైనల్ లెక్కల పరీక్ష సగంలో వదిలేసి, చున్నీ నడుముకు చుట్టుకుని, గోడ పక్కగా ఇంటికి నడిచొచ్చింది. వ్రతం మాత్రం దివ్యంగా జరిగింది. ప్రసాదం అందరికీ అందింది.

అదిగో, పరీక్ష వదిలేసి వచ్చిన ఆ సాయంత్రం నుంచే ఆ పిల్ల రాయడం మొదలుపెట్టింది.

ఎక్కడ రాయాలి? ఆమెకొక డైరీ ఉంది గాని, ఆ ఇంట్లో డైరీ అంటే నాయనమ్మ మధ్యాహ్నం పూట తీరిగ్గా చదువుకునే వారపత్రిక. అందుకని తండ్రి వాడకుండా వదిలేసిన ఒక చెరువు రిజిస్టరు తీసుకుంది. ఆడవాళ్ళ చెయ్యి తగిలితే చెరువుకు దోషమని పుష్పావతి గారు రిజిస్టర్ల జోలికి ఎవరినీ రానివ్వరు, తానూ వెళ్ళరు. ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు ఇంకెక్కడుంది?

పైగా గళ్ళన్నీ ముందే అచ్చు వేసి ఉన్నాయి. తేదీ, ఉదయం ఉష్ణోగ్రత, నీటి స్థితి, మార్పులు. శ్రీకాంత్ గారు తన మూడు చెరువులకూ రెండు పూటలా ఇవన్నీ నింపుతారు. అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్య పెంకు విడుస్తుందని ఆ రోజుల్లో మేత తగ్గిస్తారు. ఒక చెరువు లెక్క ఇంకో చెరువుకు వేయరు. రొయ్యన్నాక ఆమాత్రం మర్యాద ఇవ్వాలి కదా! అపూర్వ అట్ట మీద 'చెరువు 4' అని రాసి, దాన్ని తండ్రి రిజిస్టర్ల దొంతర అడుగున పెట్టింది.

ఒకసారి మాత్రం దిండు కింద జ్వరం చూసే థర్మామీటరు తల్లి కంటపడింది. పిల్లకు లోపల జ్వరమేదో తిరుగుతోందని అరుణకుమారి పదకొండు రోజులు మిరియాల చారు పెట్టింది. అపూర్వ కిక్కురుమనకుండా తాగింది. శాస్త్రం కోసం ఎందరో ఎన్నో త్యాగాలు చేశారు.

ఆగస్టు వచ్చింది. గుడివాడలో రత్నకుమారి గారి కొత్తింటి గృహప్రవేశం పంతొమ్మిదో తేదీ. మేనకోడలు దీపం పట్టుకుని ముందు నడవాలని ఆవిడ పట్టుదల. పుష్పావతి గారి ఎర్ర చుక్క పద్దెనిమిదిన పడింది. ఇంకేముంది? పదిహేనో తేదీన, అంటే సరిగ్గా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, మొదటి మాత్ర మింగాలని తీర్మానం జరిగింది. ఇరవయ్యో తేదీ నుంచి అపూర్వకు ఇంటర్ యూనిట్ పరీక్షలని ఎవరో గుర్తు చేశారు. పరీక్షలు మళ్ళీ వస్తాయి, ముహూర్తం మళ్ళీ వస్తుందా అని అందరూ ఒప్పుకున్నారు.

నాలుగో చెరువు లెక్క మాత్రం వేరేగా ఉంది. అందులో ఇరవై నాలుగో తేదీ అని ఉంది.

అపూర్వ రెండు రోజులు మాట కూడగట్టుకుని, నాయనమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుంది.

"నాయనమ్మా, నాకు పంతొమ్మిదికి రాదు."

"ఎవరు చెప్పారే?"

"నాకే తెలుసు."

"నీకెలా తెలుస్తుందే? క్యాలెండర్ చూశావా?"

తర్కం ఎంత గట్టిదో చూశారా! పుష్పావతి గారు అప్పటికప్పుడు గుడివాడకు ఫోను కలిపారు. "ఇదిగో రత్నా, దీనికే తెలుసట."

"చిన్నపిల్లలే అమ్మా. మాత్రల సంగతి మాత్రం మరిచిపోకు" అంది అవతలి నుంచి రత్నకుమారి.

అపూర్వ తల్లి వైపు చూసింది. అరుణకుమారి పప్పు గుత్తి తిప్పుతూ, "మింగెయ్యమ్మా ఈ ఒక్కసారికి. నేను మింగలా?" అంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఎన్ని ఒక్కసార్లు మింగిందో ఆమెకే లెక్క లేదు.

పద్నాలుగో తేదీ సాయంత్రం శ్రీకాంత్ గారు చెరువుల నుంచి వస్తూ మెడికల్ షాపు దగ్గర ఆగారు. షాపతను మాత్రలను పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, దొంగసొత్తు అందించినట్టు అందించాడు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఆయన ఇంటికొచ్చి ఉప్మా ముందు కూర్చున్నారు. అప్పుడే చెరువుల టెక్నీషియన్ దేవసహాయం ఫోను చేసి, వారం రీడింగులు చెప్పమన్నాడు. శ్రీకాంత్ గారు స్పీకర్ పెట్టి, ఎడం చేత్తో దొంతర మీదున్న రిజిస్టరు లాగి తెరిచారు.

గుమ్మం పక్కన నిలబడ్డ అపూర్వ ఆ అట్టను గుర్తుపట్టింది. పొద్దున కాలేజీ బస్సు తొందరలో ఆ రిజిస్టరును అడుగున పెట్టడం మరిచిపోయింది.

"రాసుకో దేవసహాయం. పదో తేదీ ఉదయం తొంభై ఏడు పాయింట్ తొమ్మిది."

"తొంభై ఏడేంటండీ?"

"ఉష్ణోగ్రత గడిలోనే ఉంది. అంతకుముందు తొంభై ఏడు పాయింట్ మూడు. పదో తేదీ నుంచి పెరిగి అలాగే ఉంది."

"ఫారెన్‌హీటేమోనండీ. అలా చూసినా ముప్పై ఆరు దాటింది. ఆ నీళ్ళలో రొయ్య ఈపాటికి ఉడికిపోయి ఉండాలి. ఏ చెరువండీ?"

శ్రీకాంత్ గారు అట్ట తిప్పి చూశారు. "నాలుగో చెరువని ఉంది."

"మీకు మూడే కదండీ."

"అదే. ఎవరిదో మనవాటిలో కలిసినట్టుంది. కానీ భలే శ్రద్ధగా రాశారయ్యా. ఐదారు నెలల నుంచి ఒక్క రోజు వదల్లేదు."

"ఇంకేం రాశారండీ?"

"నీటి స్థితి దగ్గర ఆరు రోజులు పొడి అని ఉంది. తర్వాత తడి. తర్వాత బాగా తడి."

"చెరువు పొడిగా ఉండటమేంటండీ?"

"ఏమో మరి. కింద లెక్క కట్టారు. వేడి పెరిగిన దగ్గర్నుంచి పదమూడు, పద్నాలుగు, పదమూడు, పద్నాలుగు. ప్రతిసారీ అంతే. ఈసారికి ఇరవై నాలుగో తేదీ అని రాసి గీత కొట్టారు."

"అయితే అది బ్రహ్మాండంగా నడుస్తున్న చెరువండీ. ఎవరిదైనా సరే, దాని లెక్క దానికుంది. పైనుంచి ఏ మందూ వేయొద్దని చెప్పండి. బాగున్నదాన్ని చేతులారా పాడు చేసుకున్నట్టవుతుంది."

"నిజమే" అంటూ శ్రీకాంత్ గారు తలెత్తారు. ఎదురుగా గుమ్మం పట్టుకుని కూతురు నిలబడి ఉంది. ముఖం పండు మిరపకాయలా ఉంది. ఆయన కూతుర్ని చూశారు. రిజిస్టరులోని గుండ్రటి చేతిరాతను చూశారు. ఇరవై నాలుగు దగ్గర కొట్టిన గీతను ఇంకోసారి చూశారు. ఫోను ఆపేశారు. రిజిస్టరును మెల్లగా మూసి, దొంతర అడుగున పెట్టారు.

"మాత్రలు తెచ్చావా అబ్బాయ్?" వంటింట్లోంచి పుష్పావతి గారు అడిగారు.

శ్రీకాంత్ గారి చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది.

"స్టాకు లేదంట అమ్మా."

"బందర్లో తెప్పించు."

"బందర్లోనూ లేదంట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

"మరి ఆ జేబులో ఉన్నదేంటి?"

"గొంతు నొప్పి మాత్రలు. నాకే."

"అయితే వేసుకో. నీళ్ళు తెస్తానుండు."

"తిన్నాక వేసుకుంటాలే అమ్మా" అని ఆయన మరో రెండు గరిటెల ఉప్మా పెట్టించుకున్నారు. నలభై ఆరేళ్ళ వయసులో తల్లితో మొదటిసారి అబద్ధమాడిన మనిషి అంతకంటే ఏం చేయగలడు?

గృహప్రవేశం రోజు గుడివాడలో దీపాన్ని చూసినవాళ్ళు తక్కువ. దీపం పట్టుకున్న పిల్ల పట్టులంగా వెనక వైపు చూసినవాళ్ళు ఎక్కువ. అపూర్వ గడప దాటింది, దీపం దేవుడి గదిలో పెట్టింది, పులిహోర తిన్నది, ఇంటికొచ్చింది. మర్నాడు పరీక్ష మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా రాసింది. చాలక, హాలు మొత్తం వింటుండగా అడిషనల్ షీటు కావాలని అడిగింది. ఇరవై నాలుగో తేదీన డేటొచ్చింది.

ఘనత ఎవరిదన్న విషయంలో ఇంట్లో రెండు అభిప్రాయాలు వచ్చాయి. పుష్పావతి గారు తన మొక్కు వల్ల అన్నారు. రత్నకుమారి గారు ముహూర్త బలం అన్నారు. అపూర్వను మాత్రం ఎవరూ అడగలేదు. ఇందులో ఆమెకేం సంబంధం? శ్రీకాంత్ గారు బందరు నుంచి వస్తూ రెండు కొత్త రిజిస్టర్లు తెచ్చి, కూతురి పుస్తకాల మీద పెట్టి, చెరువులకు వెళ్ళిపోయారు.

ఇక్కడితో ఆగి ఉంటే మనకింత బెంగ లేదు. సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే అరుణకుమారి కూతురి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మంచం అంచున కూర్చుని కాసేపు దుప్పటి మడతలు సర్దింది.

"నాకు నలభై మూడు దాటాయి. ఇరవై రెండేళ్ళ నుంచి నా డేటు మీ నాయనమ్మ చెబితేనే నాకు తెలుస్తోంది. ఈమధ్య ఒక నెల వస్తోంది, ఒక నెల రావట్లేదు. అడిగితే వయసులే అంటున్నారు. అవునో కాదో నేను చూసుకోవద్దూ? నువ్వు రాసేది నాక్కూడా చూపించు."

అపూర్వ రెండో రిజిస్టరు తెరిచింది. పెన్ను మూత తీసి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "అట్ట మీద ఏమని రాయనమ్మా?"

అరుణకుమారి దుప్పటి వదిలి దగ్గరికి జరిగింది.

"నా పేరే రాయి" అంది.

ఆ తర్వాతి వారం 'శుభఘడియలు' గ్రూపులో రత్నకుమారి గారి కబురు వచ్చింది. అవనిగడ్డలో నిశ్చితార్థం ఉంది, అరుణా, నీదీ అమ్మాయిదీ తేదీలు చూసి మాత్రలు ఈసారి నేనే తెప్పిస్తాను అని. రెండేళ్ళుగా ఆ గ్రూపులో 'సరే వదినా' తప్ప మరో మాట రాయని అరుణకుమారి ఈసారి మూడు వాక్యాలు రాసింది.

"మా తేదీలు మేం చూసుకుంటాం వదినా. మాత్రలు వద్దు. ఆ రోజు వీలైతే వస్తాం, లేకపోతే ఇంకో రోజు వచ్చి పిల్లను చూస్తాం."

అందరూ చదివారు. సాయంత్రానికి పదకొండు మందిలో ఇద్దరు అరుణకుమారికి విడిగా ఫోను చేసి, ఎవరి తేదీలు వాళ్ళే ఎలా చూసుకోవాలో కాస్త చెప్పమన్నారు.

చూశారా, ఎంత తొందరగా పాకుతోందో! ఇవాళ ఇద్దరు, రేపు నలుగురు. ఇలా ఆడవాళ్ళంతా ఎవరి ఒంటి సంగతి వాళ్ళే తెలుసుకుంటూ పోతే, ఇన్నాళ్ళూ వాళ్ళ తరఫున లెక్కలు కట్టి, మాత్రలు తెచ్చి, ఇంత శ్రమ పడిన మనమంతా ఏం చేసుకుని బతకాలి? దీనికేదైనా ఉపాయం ఉంటే పెద్దలందరినీ అడిగి తెలుసుకోండి. వాళ్ళను మాత్రం అడక్కండి. ఇన్నేళ్ళూ అడగలేదు, ఇప్పుడు అడిగితే చెప్పేస్తారు.